మీ సైకిలు చప్పుడు చేయదు, అదే చిక్కు

ప్రశ్న: మాది మందస దగ్గరి పల్లె. బడిలో పాఠాలు చెబుతాను. కిందటేడు మౌంటెన్ బైక్ కొన్నాను. ఉదయం ఐదింటికే బయలుదేరి జీడితోటల మధ్య బండిబాటల మీదుగా మహేంద్రగిరి వైపు వెళ్తాను. సెలవు రోజుల్లో ఒడిశా పల్లెల దాకా వెళ్లి వస్తాను. పోయిన వారం దిగుడులో వస్తుండగా ఇరవై గజాల ముందు ఎలుగుబంటి బాట దాటింది. బ్రేకు పట్టేసరికి తోటలోకి వెళ్లిపోయింది. తోట కాపలా కుక్కలు రోజూ తరుముతున్నాయి. మొన్న ఒక రైతు గేదెలు బెదిరి పరుగెత్తాయని నన్ను నానా మాటలు అన్నాడు. మా అమ్మ సైకిలు అమ్మేయమంటోంది. మంచి లైటు, మిరియాల స్ప్రే కొనుక్కుంటే సరిపోతుందా? లేక మానుకోవాలా?
– ఒక పాఠకుడు

సమాధానం: సైకిలు మానుకోనక్కర లేదు. మానుకోవలసింది ఐదు గంటల వేళను. లైటు సంగతి, స్ప్రే సంగతి తర్వాత చెబుతాను.

ఎలుగు, కుక్క, గేదె అని మూడు కష్టాలు రాశారు. నాకు మూడింటి వెనకా ఒకే కారణం కనిపిస్తోంది. మోటారు సైకిలు వస్తుంటే చాలా దూరం నుంచే వినిపిస్తుంది. గేదె తల తిప్పి చూస్తుంది, కుక్క లేచి నిలబడుతుంది, ఎలుగు పొదలోకి తప్పుకుంటుంది. నడిచి వచ్చే మనిషి చప్పుడు చేయకపోయినా నెమ్మదిగా వస్తాడు, చూసి సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. మీ సైకిలుకు ఆ రెండూ లేవు. ఉద్దానం ఇసుక నేల మీద, మంచుకు తడిసిన జీడాకు మీద, లావుపాటి టైర్లతో దిగుడులో వస్తుంటే పది అడుగుల దూరంలో ఉన్న ప్రాణికి కూడా మీరు వస్తున్నట్టు తెలియదు. తెలిసేసరికి మీద పడ్డంత పని అవుతుంది. అప్పుడు ఏ జంతువైనా చేసేది మూడే పనులు: పారిపోతుంది, తరుముతుంది, తిరగబడుతుంది. మీ ఉత్తరంలో మొదటి రెండూ అయిపోయాయి.

లెక్క ఒకటి వేసి చూడండి, పిల్లలకు పాఠం చెప్పేవారు కదా. గంటకు పాతిక కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ఎదురుగా ఏదో నల్లగా కదిలింది, అది ఏమిటో పోల్చుకుని వేళ్లు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఒక సెకను గడిచిపోతుంది. ఆ తర్వాత రాలిన ఆకు మీద టైరు జారుతూ ఆగడానికి మరి కొన్ని మీటర్లు. మీకు దొరికింది ఇరవై గజాలు, అంటే 18 మీటర్లు. మీరు బ్రేకు బాగా పట్టినందువల్ల కాదు, ఎలుగుకు వేరే పని ఉండబట్టి బయటపడ్డారు.

ముందు గేదెల సంగతి. ఉత్తరంలో దాన్ని చివరన, కొంచెం విసుగ్గా రాశారు. నా లెక్కలో అదే మొదటిది. ఎలుగు ఏడాదికి ఒకసారి కనబడుతుందేమో, గేదెలు రోజూ ఎదురవుతాయి. పశువుల కళ్లు తలకు పక్కల ఉంటాయి గనుక తల తిప్పకుండానే చుట్టూ చాలా మేరకు చూడగలవు. సరిగ్గా వెనక ఉన్నది మాత్రం వాటికి కనబడదు. మీరు వచ్చేది ఎప్పుడూ ఆ వెనక నుంచే. చప్పుడు లేకుండా వచ్చిన సైకిలు ఒక్కసారిగా పక్కన ప్రత్యక్షమైతే వెనక నడిచే గేదె ముందుదాన్ని కుమ్ముతుంది, దాంతో మంద అంతా కదులుతుంది. మంద కదిలాక కాపరి చేతిలో కర్ర ఉన్నా లేనట్టే.

ఇక ఆ రైతు తిట్లకు కారణం మీకు తెలియకపోవచ్చు. బెదిరిన గేదె ఆ పూట సరిగా చేపదు. చేపు రావాలంటే దాని ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను పని చేయాలి. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. పొదుగు నిండా పాలున్నా చేతికి రావు. పాల కేంద్రానికి పోయవలసిన పాలు తగ్గితే ఎవరికైనా నోరు లేస్తుంది. చూడి గేదె గోతిలో పడిందంటే నష్టం ఇంకా పెద్దది. కాబట్టి ఆయన అన్న మాటల్లో సగానికి కారణం ఉంది. మిగతా సగం ఉద్దానం మర్యాద, పట్టించుకోకండి.

మంద కనిపించగానే, వాటికి ఇంకా చాలా దూరంలో ఉండగానే, కాపరికి వినబడేలా పలకరించండి. "బాబూ, వెనకాల సైకిలు వస్తోంది" అంటే చాలు. మనిషి గొంతు విన్న గేదె బెదరదు, అది రోజంతా వినేది ఆ గొంతులనే. హారన్లు, ఈలలు వద్దు. దిగి, సైకిలును చేత్తో నడిపిస్తూ, కాపరి ఏ పక్క నుంచి పొమ్మంటే ఆ పక్క నుంచి వెళ్లండి. ఎదురుగా వస్తుంటే బాట దిగి నిలబడి మందను పోనివ్వండి. దూడ ఉన్న గేదెకూ దాని దూడకూ మధ్య నుంచి మాత్రం వెళ్లకండి, ఎంత ఖాళీ కనిపించినా సరే. విడిగా తిరిగే ఆంబోతు తల దించి కాలితో మట్టి గీస్తుంటే మర్యాద పాటించే సమయం కాదు, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తగ్గండి. హ్యాండిలుకు ఒక చిన్న ఇత్తడి గంట కట్టుకోవచ్చు. పశువుల మెడ గంటలకు అలవాటు పడిన ప్రాణులకు ఆ చప్పుడు కొత్త కాదు. గంట ఉంది కదా అని నోరు కట్టేసుకోవద్దు.

గట్ల మీద తొక్కే అలవాటుంటే అది కూడా మానండి. వాన పడిన గట్టు మీద మీ టైరు చేసిన గాడిలోంచే నీరు దారి చేసుకుంటుంది. పొలం రైతుకు గండి కనిపించిన రోజున మీ టైరు అచ్చు కూడా పక్కనే కనిపిస్తుంది. ముళ్ల కంపతో దారి మూసిన చోట కంప తీసి వెళ్తే తిరిగి అలాగే వేయండి.

కుక్కలు కదిలే చక్రాన్ని తరుముతాయి. మీరు ఎంత వేగం పెంచితే వాటికి అంత ఉత్సాహం. కాబట్టి ఆగడమే మందు. ఆగి, దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య అడ్డంగా పెట్టుకుని, గట్టిగా ఒక మాట అని, దాని వైపే ముఖం ఉంచి నడవండి. తోట హద్దు దాటగానే చాలావరకు దాని డ్యూటీ అయిపోతుంది. బిస్కెట్లు వేసి మచ్చిక చేసుకోమని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. బిస్కెట్ తిన్న కుక్క మర్నాడు ప్రతి సైకిలునూ ఆపి సుంకం అడుగుతుంది, అందులో బడికి వెళ్లే పిల్లల సైకిళ్లు కూడా ఉంటాయి. దాని కన్నా ఒక సాయంత్రం తోటకు వెళ్లి కాపలాదారును పరిచయం చేసుకోండి. మీరు ఎవరో కుక్క యజమానికి తెలియడం కుక్కకు తెలియడంలో సగం. పైగా జీడిపిక్కలు ఏరే కాలంలో వీపున సంచీతో తెల్లవారుజామున తోటలోకి వచ్చేవాణ్ని కాపలాదారు ఏమనుకుంటాడో మీరే ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో సంచీ ఇంట్లో పెట్టి వెళ్లడం మంచిది.

కరిస్తే మాత్రం ఇంటి వైద్యం జోలికి పోవద్దు. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు గాయాన్ని కడగాలి. అది చాలా సేపు అనిపిస్తుంది, అయినా గడియారం చూసుకుని కడగండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. లోతైన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షను కూడా వేస్తారు, అడగండి. మొదటి ఇంజెక్షనుతో సరిపెట్టుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. రేబిస్ వచ్చాక మందు లేదు గనుక చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లండి.

ఇప్పుడు ఎలుగు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లకు ఎలుగును గురించి కొత్తగా చెప్పేదేముంది. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర తోటల్లో ఎలుగు దాడి చేసి ఒకరు చనిపోవడం, మరికొందరు గాయపడటం ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అంతకు నాలుగేళ్ల ముందు తిత్లీ తుపాను తోటలను నేలమట్టం చేసిన సంగతి కూడా మరచిపోలేదు. గుట్టకూ తోటకూ ఊరికీ మధ్య దూరం తగ్గిన చోట జంతువూ మనిషీ ఒకే బాట వాడుతున్నారు. ఆ బాట మీదే మీ సైకిలు కూడా.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. జీడిపండు పండి రాలే రోజుల్లో, పనస పండే రోజుల్లో, నేరేడు కాలంలో అది తోటలకు దిగుతుంది. రాత్రంతా తిని తెల్లవారే వేళకు గుట్టల్లోకి, పొదల్లోకి తిరిగి వెళ్తుంది. మీరు ఐదింటికి బయలుదేరి ఐదున్నరకు గుట్ట దగ్గరికి వెళ్తున్నారంటే అది ఇంటికి వెళ్లే దారికి మీరు అడ్డంగా వెళ్తున్నారన్నమాట. దానికి వాసన బాగా తెలుస్తుంది, చూపు అంతంత మాత్రం. తల నేలకు ఆనించి చెదపుట్టలోంచి గాలి పీల్చి పురుగులను లాగే పనిలో ఉందంటే చుట్టూ జరిగేది పట్టించుకోదు. ఆ పని చేస్తున్నప్పుడు అది చేసే చప్పుడు కొంత దూరం వినిపిస్తుంది, మీరు ఆగి వింటే. అటువంటి సమయంలో దగ్గరికి వచ్చి ఆగిన సైకిలును చూసి అది ఆలోచించదు, తిరగబడుతుంది. పిల్లలున్న తల్లి అయితే మరీను. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది గనుక దూరం నుంచి చూస్తే ఒకటే పెద్ద నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఒంటరి ఎలుగే కదా అని నిలబడి ఫోను తీయకండి.

సైకిలు దిగి ఒకసారి బాట పక్కలు చూడటం నేర్చుకోండి. పుట్ట మామూలుగా గట్టిగా, ఎండి, గరుకుగా ఉంటుంది. ఎలుగు తవ్విన పుట్ట ఒక పక్క విరిగి, లోపలి మన్ను ముదురు రంగులో తడిగా కనిపిస్తుంది, చెదలు ఇంకా అటూ ఇటూ పరుగెడుతుంటాయి. ఎండ ఎక్కాక ఆ మన్ను పొడిబారి పాలిపోతుంది, చెదలు కన్నాలు పూడ్చుకోవడం మొదలుపెడతాయి. అంటే తడి మన్ను చూశారంటే తవ్వినవాడు ఇంకా దగ్గరలోనే ఉన్నాడు. పెంటలో నేరేడు గింజలు, పనస తొనల పీచు కనిపించినా అంతే. ఆ రోజు ఆ బాట వదిలి వెనక్కి తిరగండి. రోడ్డు మీదుగా వెళ్లినా కాళ్లకు కావలసిన పని దొరుకుతుంది.

మలుపు అవతల కనిపించని చోట, పొదలు రెండు పక్కలా కమ్ముకున్న చోట, నడక వేగానికి రండి. గొంతెత్తి ఏదో ఒకటి మాట్లాడండి, ఎక్కాలు చదివినా పర్వాలేదు. దూరంగా కనిపిస్తే ఆగి, వెనక్కి తిరగకుండా దాన్ని గమనిస్తూ మెల్లగా వెనకడుగు వేయండి. సైకిలెక్కి తొక్కి తప్పించుకుందామని చూడకండి. ఎలుగు మనిషి కన్నా వేగంగా పరుగెత్తుతుంది, ఇసుక బాటలో సైకిలు వేగం అందుకోవడానికి చాలా సేపు పడుతుంది. చెట్టెక్కడం అంతకన్నా దండగ, ఆ విద్య దానికి బాగా తెలుసు. మీద పడితే సైకిలును అడ్డం పెట్టండి. కింద పడితే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లూ మెడ వెనక పెనవేసి, ముఖాన్ని నేలకు ఆనించండి. ఎలుగు గాయాలు ఎక్కువగా ముఖానికీ తలకే అవుతాయి. హెల్మెట్ తీసేసి హ్యాండిలుకు తగిలించుకునే అలవాటు మీకు లేదని అనుకుంటాను.

కీడు చేసే జంతువులన్నీ చెప్పుకున్నా, పొలం దారుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది జంతువు కాదు. అడవిపందుల కోసం పొలం చుట్టూ కట్టే కరెంటు తీగ. చట్టం ఒప్పుకోదు, అయినా కడతారు. చిన్న కర్రపుల్లల మీద మోకాలికి కొంచెం దిగువన సన్నటి ఇనుప తీగ రాత్రంతా ఉంటుంది, తెల్లవారాక రైతు వచ్చి తీసేస్తాడు. ఆయన ఆలస్యంగా లేచిన రోజున మీరు ముందు వెళ్తారు. మసక వెలుతురులో అది కనిపించదు. మీ చేతిలో ఉన్నది లోహపు సైకిలు. 2023 మే నెలలో మన పక్క జిల్లా భామిని మండలంలో కరెంటు తీగలు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. అంత ప్రాణికే అంత తేలిక. గట్టు అంచున కర్రపుల్లల వరుస కనిపిస్తే తాకకండి, దాటకండి. పొలం యజమాని తెలిస్తే ఆయనకు, తెలియకపోతే 1912కు ఫోను చేసి కరెంటు వాళ్లకు చెప్పండి. చాడీ చెప్పినట్టు అవుతుందని సంకోచం వద్దు, అదే గట్టు మీద గడ్డి కోసుకునేవాళ్లూ నడుస్తారు.

పాముల గురించి క్లుప్తంగా. వరి కోతల రోజుల్లో ఎలుకల వెంట పాములూ వస్తాయి. సాయంత్రం వేళ ఇంకా వేడి వదలని బాట మీద పింజరి కదలకుండా పడుకుని ఉంటుంది, రాలిన ఆకుల్లో దాన్ని పోల్చుకోవడం కష్టం. ఆగి పోనివ్వండి, టైరుతో దాటే సాహసం వద్దు. పంక్చరు పడినప్పుడు పొదల పక్కన కూర్చోకుండా చదునైన, కనిపించే నేల చూసుకోండి. కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ చేయకూడదు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి, అది ఒడిశా వైపు కూడా పనిచేస్తుంది. విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది.

ఏనుగులు మీ రోజువారీ బాటల్లో మామూలుగా ఎదురయ్యేవి కావు. సెలవుల్లో భామిని, సీతంపేట, కురుపాం వైపు వెళ్లాలనుకుంటే మాత్రం ముందు రోజు అటవీ సిబ్బందినో, అక్కడి ఊరివాళ్లనో మంద ఎక్కడుందో అడగండి. ఒడిశా పల్లెల్లో అడిగితే "హాతీ" అంటే ఏనుగు, "భాలు" అంటే ఎలుగు. ఆ రెండు మాటల్లో ఏది వినిపించినా ఆ రోజుకు దారి మార్చుకోండి.

లైటు కొనండి, ఇంటికి చేరేసరికి చీకటి పడితే పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని చీకట్లో బయలుదేరడానికి కాదు. మెరుపు లాంటి లైటు కళ్లలో కొడితే జంతువు ఎటు పోవాలో తెలియక మీ వైపే రావచ్చు. స్ప్రే సంగతి ఇంకా తేలిక. బజారులో దొరికే చిన్న డబ్బా కొద్ది దూరమే చిమ్ముతుంది, గాలి ఎదురైతే మీ కళ్లలోకే వస్తుంది. అది జేబులో ఉందన్న ధైర్యంతో మీరు నెమ్మదించవలసిన మలుపులో నెమ్మదించరు. ఆ డబ్బుతో మంచి బ్రేకు ప్యాడ్లు వేయించుకోండి.

బడికి తొమ్మిదింటికి వెళ్లాలి కదా అంటారు. జూన్‌లో బడి తెరిచేసరికి మన వైపు ఐదున్నరకే సూర్యోదయం అయిపోతుంది. ఆరింటికి బయలుదేరినా గంటన్నర తొక్కి, స్నానం చేసి, తీరుబడిగా బడికి వెళ్లవచ్చు. చలికాలంలో ఆరున్నర దాకా వెలుతురు సరిగా రాదు గనుక ఆ నెలల్లో తోటబాటలు ఆదివారాలకే ఉంచి, మామూలు రోజుల్లో తారు రోడ్డు మీద తొక్కండి. ఒంటరిగా కాకుండా ఇంకొకరు తోడుంటే మాటలు అవే వస్తాయి, గంటలూ ఎక్కాలూ అక్కర లేదు.

ఇక మీ అమ్మగారు. సైకిలు అమ్మమనడం ఆవిడ మాట. ఎటు వెళ్లావో, ఎప్పుడు వస్తావో తెలియక వాకిట్లో నిలబడటం ఆవిడ బాధ. రెండోదానికి మందు ఉంది. ఏ బాటన వెళ్తున్నారో చెప్పండి, చెప్పిన బాటనే వెళ్లండి. మధ్యలో ఫోను అందని చోట్లు ఏవో ముందే చెబితే ఆ అరగంట ఆవిడ కంగారు పడరు. ఎలుగు కనబడిందన్న సంగతి ఆవిడకు ఇంకెవరో చెప్పగా తెలిసిందని ఉత్తరం చదివితే అనిపించింది. అదే నిజమైతే సైకిలు అమ్మమన్నందుకు కాదు, అంతటితో ఊరుకున్నందుకు ఆశ్చర్యపోవాలి.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి అడుగుతాను. ఎలుగు ఎక్కడ దాటిందో తోటవాళ్లకు చెప్పారా? అటవీ శాఖ సెక్షన్ ఆఫీసుకు చెప్పారా? పిక్కలు ఏరే ఆడవాళ్లు మీకన్నా ముందే తోటలోకి వస్తారు, తల వంచుకుని ఒక్కో చెట్టు కిందా ఏరుకుంటూ వెళ్తారు. వాళ్లకు బ్రేకులూ లేవు, హెల్మెట్లూ లేవు. ఇది చదివిన రోజునే వెళ్లి ఆ తోట కౌలుదారుకు చోటూ వేళా రెండూ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ గేదెల రైతు ఇల్లు దారిలోనే ఉంటే ఆయనకు కూడా చెప్పండి, ఆయన మంద కూడా ఆ వైపే మేస్తుంది.